పోతుమొక్కకు మాటసాయం

వీడియో కాల్‌లో నా వెనకాల కనబడిన మొక్కను చూసి అమ్మ అడిగిన మొదటి మాట, "పుంటికూర పెట్టినవా రా?"

నవ్వొచ్చింది గానీ, అలా అడగడంలో ఆమె తప్పేం లేదు. గోంగూరకు దగ్గరి చుట్టం గోగు ఉంది కదా, నార కోసం వేసేది, దానికి లినేయస్ పెట్టిన పేరు హైబిస్కస్ కన్నాబినస్. గంజాయిని పోలిన మందార జాతి మొక్క అని. స్వీడన్ పండితుడికి తట్టిన పోలికే గద్వాల పక్క పల్లెలో ఉండే మా అమ్మకూ తట్టింది. కాకపోతే ఆయన గోగును చూసి గంజాయిని తలుచుకున్నాడు, ఈమె గంజాయిని చూసి పుంటికూరను తలుచుకుంది.

"కాదమ్మా, గంజాయి" అన్నాను.

నెట్ ఆగిపోయిందేమో అనుకున్నాను. ఆగలేదు. కాసేపటికి, పక్కింటివాళ్లకు వినబడుతుందేమో అన్నట్టు గొంతు తగ్గించి, "పోలీసోళ్లు పట్కపోరా?" అంది.

పట్టుకుపోరు. నేనుండేది లైప్‌జిగ్‌లో. జర్మనీలో 2024 ఏప్రిల్ 1 నుంచి చట్టం మారింది. 18 ఏళ్లు నిండి, కనీసం ఆరు నెలలుగా ఇక్కడ ఉంటున్నవాళ్లు సొంతానికి ఒకేసారి మూడు మొక్కల దాకా ఇంట్లో పెంచుకోవచ్చు. ఇంట్లో 50 గ్రాములు ఉంచుకోవచ్చు, బయటికెళ్తే 25. అమ్మకూడదు. ఇంట్లో పండినదాన్ని ఊరికే ఇచ్చినా తప్పే. పిల్లల చేతికి అందకూడదు, అందుకే నా మొక్కలు తాళం వేసే గదిలో, జిప్పున్న గ్రో టెంట్‌లో ఉంటాయి. ఆ రోజు జిప్పు తీసి ఉండబట్టి అమ్మ కంట్లో పడ్డాయి.

అదే మొక్క మా ఊళ్లో పెరట్లో దొరికితే 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్డీపీఎస్) కింద పదేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. కాబట్టి ఇది చదివి ఎవరూ మేడ మీద కుండీలు సర్దుకోవద్దు. "ఈసారి వచ్చేటప్పుడు నాలుగు గింజలు పట్రా మామా" అని మెసేజ్ పెట్టే ఫ్రెండుకు కూడా ఇదే జవాబు. నీకు బెయిలు తెచ్చే స్తోమత నాకు లేదు మామా. ఇంకోటి, ఇది తాగడం మంచిదా చెడ్డదా అన్న చర్చ కూడా కాదు. ఆ చర్చకు వేరే మనుషులున్నారు. నేను తాగేది బహు తక్కువ, పెంచడం మీదే మోజు.

నా పేచీ అంతా గింజ గురించి. ఇంటి పెంపకందారులకు స్వాతంత్ర్యం తెచ్చిందని అందరూ మెచ్చుకునే ఆటోఫ్లవర్ మొక్క, దాన్ని ఇప్పుడు అమ్ముతున్న తీరులో, మనల్ని ఏటేటా గింజల దుకాణం ముందు నిలబెడుతోంది. దీనికి విరుగుడు మనమే పీకి చెత్తలో పారేస్తున్న మగమొక్క. నేను చెప్పదలుచుకున్నది ఇదే. మిగతాదంతా ఎందుకు అలా అనిపించిందన్న కథ.

ఆటోఫ్లవర్ అంటే ఏమిటో ముందు చెప్పాలి. మామూలు గంజాయి మొక్క పొద్దు చూసి పూస్తుంది. పగలు కురచై రాత్రి పొడుగైతేనే దానికి పూతకాలం వచ్చినట్టు. ఈ సంగతి మొదట గమనించినవాళ్లలో జూలియెన్ తుర్న్వా అనే ఫ్రెంచివాడొకడు. చలికాలంలో గాజుగదిలో వేసిన నార రకం గంజాయి మొక్కలు బెత్తెడు కూడా ఎదగకుండానే పూయడం చూసి, ఇది చలి వల్ల కాదు, వెలుతురు తక్కువై అని 1912లో రాశాడు. మొదటి ప్రపంచ యుద్ధం అతన్ని మింగేసింది. ఆ తర్వాత 1920లో అమెరికాలో గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు పొగాకు మీద చేసిన పనితో ఈ సూత్రానికి పేరు వచ్చింది. పాఠాల్లో వాళ్ల పేర్లే ఉంటాయి. తుర్న్వా మొదలుపెట్టింది మాత్రం గంజాయి జాతి మొక్క మీదే.

లైప్‌జిగ్ ఉన్నది 51 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. జూన్‌లో ఇక్కడ పగలు పదహారున్నర గంటలు. గద్వాలలో ఎండాకాలం పొడుగు పగలు పదమూడు గంటలు దాటితే ఎక్కువ. అంటే ఇక్కడ బాల్కనీలో పొద్దు చూసి పూసే మొక్క వేస్తే అది ఆగస్టు దాకా ఆకులేసుకుంటూ కూర్చుని, అప్పుడు పూత మొదలుపెట్టి, అక్టోబర్‌లో పండుతుంది. అక్టోబర్‌లో ఇక్కడ వాన, మంచు, బూజు. చేతికొచ్చిన పూత కళ్లముందే కుళ్లిపోతుంది.

దీనికి మందు రష్యాలో బీడు నేలల్లో దొరికింది. వోల్గా ఒడ్డున సరతోవ్ ప్రాంతంలో పనిచేసిన యానిషెవ్‌స్కీ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1924లో ఒక గిడసబారిన అడవి గంజాయిని వర్ణించి రుడెరాలిస్ అని పేరు పెట్టాడు. లాటిన్‌లో దాని మూలమాటకు శిథిలాలు, రాళ్లకుప్ప అని అర్థం. దిబ్బల మీద మొలిచేది. మత్తు అంతంతమాత్రం, ఎత్తు అంతంతమాత్రం. అయితే ఒక గుణముంది, అది పొద్దుతో పనిలేకుండా వయసు చూసుకుని పూస్తుంది. మొలిచిన మూడు నాలుగు వారాలకు పూత, రెండున్నర మూడు నెలలకు పంట. 2000ల తొలి సంవత్సరాల్లో జాయింట్ డాక్టర్ అనే మారుపేరుతో ఒకాయన ఈ గుణాన్ని మత్తున్న రకాల్లోకి ఎక్కించి లోరైడర్ అని విడుదల చేశాడు. ఇవాళ అమ్ముడయ్యే ఆటోఫ్లవర్లకు దారి వేసింది అదే.

నాకిది వింటే వరి గుర్తొస్తుంది. పాతరకం వరుల్లో చాలావాటికి పొద్దు పట్టింపు ఉండేది, ఎప్పుడు నాటినా వాటి కాలానికే ఈనేవి. 1966లో ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన ఐఆర్-8కి ఆ పట్టింపు లేదు. నాటిన రోజు నుంచి లెక్క. పశ్చిమ గోదావరి ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారు 1967లో దాన్ని పండించి పేరు తెచ్చుకున్నారు. ఏ కాలంలోనైనా పండే వరి వచ్చాకే కదా రెండో పంట మాట ఊపందుకుంది. ఆటోఫ్లవర్‌ది కూడా అదే తరహా మార్పు. కానీ ఐఆర్-8 వడ్లు కోసిన రైతు మరుసటి ఏడాదికి ఓ బస్తా పక్కన పెట్టుకోగలిగాడు. ఇక్కడే తేడా మొదలవుతుంది.

మొదటి వేసవిలో నేను కొన్నవి మూడు ఫెమినైజ్డ్ ఆటోఫ్లవర్ గింజలు. ఒక్కో గింజ పది యూరోలకు కాస్త తక్కువ. మా ఊళ్లో ఒకరోజు కూలీ పెట్టి ఒక్క గింజ. ఫెమినైజ్డ్ అంటే ఆడమొక్క మాత్రమే మొలిచేలా చేసిన గింజ. మూడూ మొలిచాయి. నేను చిన్న కప్పుల్లో వేసి, పద్దెనిమిదో రోజున పెద్ద కుండీల్లోకి మార్చాను. టమాటా నారుకు చేసినట్టే చేశాను. రెండు బాగానే తట్టుకున్నాయి. మూడోదానికి వేరు మట్టి విరిగింది. వారం పాటు తల వాల్చేసింది. మామూలు మొక్క అయితే ఆ వారం పోయినా ఇంకో వారం ఎక్కువ పెరిగి లెక్క సరిచేసుకునేది. ఇది అలా కాదు. ఇరవై ఎనిమిదో రోజుకు జానెడు కూడా లేని ఆ మొక్క కొసన రెండు తెల్ల వెంట్రుకలు కనబడ్డాయి. ఆడపూత. ఒంట్లో సత్తువ లేదు, వేళ మాత్రం అయిపోయింది. చిన్నప్పుడే పెళ్లి చేసేసిన పిల్లను చూసినట్టు అనిపించింది. చివరికి దాన్నుంచి వచ్చింది చారెడు కూడా కాదు.

అప్పుడర్థమైన ఇంకో సంగతి. పొద్దు చూసి పూసే రకాల్లో మంచి మొక్క దొరికితే దాని కొమ్మ తుంచి నాటుకుంటారు. మల్లె అంటు కట్టుకున్నట్టు ఏళ్ల తరబడి అదే మొక్కను నిలుపుకోవచ్చు. ఆటోఫ్లవర్‌కు ఆ దారి మూసుకుపోయింది. కొమ్మ తుంచి నాటినా దాని వయసు తల్లి వయసే, వేరు పట్టేలోపే పూసేస్తుంది. అంటే ఈ మొక్కను ఇంకో ఏటికి తీసుకెళ్లడానికి గింజ ఒక్కటే గతి. ఆ గింజ రావాలంటే మగమొక్క ఉండాలి. ఫెమినైజ్డ్ ప్యాకెట్‌లో మగమొక్క ఉండదు. లెక్క తేలిపోయింది: పంట కోస్తావు, మళ్లీ కార్డు గీకుతావు.

ఆడగింజల విద్య ఎక్కడిదో తెలిశాక మాత్రం నాకు కోపం, గర్వం రెండూ కలిసి వచ్చాయి. మొక్కలో ఆడతనం నిలవడానికి ఎథిలీన్ అనే హార్మోన్ కావాలి. వెండి ఆ ఎథిలీన్ పనిని అడ్డుకుంటుంది. ఆడమొక్కకు వెండి సమ్మేళనం తగిలిస్తే అది మగపూలు పూస్తుంది, కానీ ఆ పుప్పొడిలో మగ క్రోమోజోమ్ ఉండదు కాబట్టి పుట్టేవన్నీ దాదాపు ఆడవే. గంజాయి మొక్క మీద ఈ పని చేసి 1982లో పత్రం ప్రచురించినవాళ్లు ఢిల్లీ విశ్వవిద్యాలయం వృక్షశాస్త్ర విభాగంలోని మోహన్‌రామ్, సేఠ్. వాళ్లకు కావలసింది మొక్కల్లో లింగ నిర్ణయం ఎలా జరుగుతుందన్న సంగతి. అదే విద్య ఇప్పుడు యూరప్‌లో రంగుల ప్యాకెట్లలో, పైన కార్టూన్ బొమ్మతో అమ్ముడవుతోంది. ప్యాకెట్ మీద ఢిల్లీ పేరు ఎక్కడా ఉండదు లెండి.

ఇదంతా అమ్మకు చెప్తే, "అంటే అది కూడా సీడు పత్తి లెక్కనే" అని ఒక్క ముక్కలో తేల్చేసింది.

నడిగడ్డ సంగతి తెలియనివాళ్ల కోసం చెప్తాను. కృష్ణా తుంగభద్రల మధ్య ఉన్న మా గద్వాల ప్రాంతంలో సీడు పత్తి వేస్తారు. అంటే బట్టకు పోయే పత్తి కాదు, దేశంలో మిగతా రైతులు కొనుక్కునే హైబ్రిడ్ పత్తి విత్తనం ఇక్కడ తయారవుతుంది. సూరత్‌లో 1970లో మొదటి వాణిజ్య హైబ్రిడ్ పత్తి వచ్చినప్పటి నుంచి ఈ పని మనుషుల చేతుల మీదే నడుస్తోంది. పత్తిపువ్వులో ఆడా మగా రెండూ ఉంటాయి. మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా ఆడసాలులో రేపు విచ్చబోయే మొగ్గలను వెతికి, బొటనవేలి గోరుతో కింద చీల్చి, రేకులతో సహా పుప్పొడి తిత్తులన్నీ ఒలిచెయ్యాలి. లోపలి కీలం మీద గోరు పడకూడదు. మర్నాడు పొద్దున మగసాలులో పూలు కోసుకొచ్చి, ఒక్కో మగపువ్వుతో నాలుగైదు మొగ్గలకు రుద్దాలి. అమ్మ దీన్ని క్రాసింగ్ అంటుంది. గుర్తుకు దారం కట్టాలి. రెండు నెలల పైన రోజూ ఇదే పని. మా అమ్మ కుడిచేతి బొటనవేలి గోరు పక్కన ఇప్పటికీ ఒక నల్లటి గీత ఉంది. పత్తి మొగ్గల మరక పోయి పదేళ్లైంది, గీత పోలేదు.

మాకు అరెకరం ఉండేది. విత్తన కంపెనీకీ రైతుకీ మధ్య ఉండే దళారిని ఆర్గనైజర్ అంటారు. పెట్టుబడికి వాడే అప్పిస్తాడు, గింజ వాడే ఇస్తాడు, పంట వాడే పట్టుకుపోతాడు. పట్టుకుపోయాక జీఓటీ అని ఒక పరీక్ష ఉంటుంది. నమూనా గింజల్ని వేసి పెంచి చూస్తారు, క్రాసింగ్ కాకుండా సొంతంగా కాయ కట్టినవి ఎక్కువ కనబడితే లాటు, అంటే ఆ రైతు ఇచ్చిన గింజ మొత్తం, ఫెయిల్. ఫలితం నెలల తర్వాత వస్తుంది. నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు మా లాటు ఫెయిలైందన్నారు. నాయిన ఆ రోజు అన్నం తినలేదు. అమ్మ చేతులు చూసుకుంటూ కూర్చుంది, ఎక్కడ తప్పు గిల్లానా అని. ఆ గింజలు మాకు తిరిగి రాలేదు. వచ్చినా లాభం లేదు. హైబ్రిడ్ పంటలోంచి తీసిన గింజ వేస్తే ఒక్కో మొక్క ఒక్కో తీరుగా పోతుంది. రైతు తన పంట గింజ దాచుకోవచ్చు, వేసుకోవచ్చు, పంచుకోవచ్చు అని 2001లో మన దేశంలో మంచి చట్టమే వచ్చింది. దాచుకోదగ్గ గింజ ఉన్నప్పుడు కదా ఆ హక్కుతో పని.

అదీ నా గుంజాటన. ఏళ్ల తరబడి ఊరందరికీ గింజ చేసిపెట్టిన ఆమె, తన చేత్తో చేసిన గింజను ఒక్క ఏడాది కూడా తన నేలలో వేసుకోలేదు. అదే ఇంట్లో మా నాయనమ్మ మాత్రం బీర, చిక్కుడు, సొర గింజలు బూడిదలో కలిపి ఎండిన సొరబుర్రలో పోసి, మూతికి పేడ మెత్తి దూలానికి వేలాడగట్టేది. ఎవరన్నా అడిగితే గుప్పెడు ఇచ్చేది, డబ్బు తీసుకునేది కాదు. ఒకే ఇంట్లో ఒక తరం గింజను దాచింది, ఇంకో తరం గింజను అమ్మింది. మూడో తరంవాణ్ణి నేను, ఇక్కడ కూర్చుని గింజ కొంటున్నాను.

ఇక మగమొక్క సంగతికి వద్దాం. గంజాయిలో ఆడది వేరు, మగది వేరు. మనకిది కొత్త కాదు. తాళ్లలో పోతుతాడు, పెంటితాడు అని ఉండనే ఉన్నాయి, బొప్పాయిలోనూ అంతే. పెరట్లో బొప్పాయి మొలిచి పొడుగాటి కాడలకు పూలు వేలాడదీస్తే "ఇది పోతుది, కొట్టెయ్" అంటారు. జర్మన్ రైతులు మాత్రం దీనిలో పల్టీ కొట్టారు. నార కోసం గంజాయి వేసిన రోజుల్లో వాళ్లు మగమొక్కను ఫిమ్మెల్ అనేవాళ్లు. ఆ మాట లాటిన్‌లో ఆడపిల్ల అన్న మాటలోంచి వచ్చింది. బక్కగా, సన్నగా ఉండి ముందే వాడిపోయేది ఆడదే అయ్యుంటుందని వాళ్ల ఊహ. దిట్టంగా నిలబడి గింజ కట్టే మొక్కకు మగపేరు పెట్టుకున్నారు. మా ఊళ్లో కల్లుగీసే ఏ గౌడన్నకు చూపించినా నిమిషంలో సరిచేసేవాడు.

మగమొక్కను పీకెయ్యడం మాత్రం మన ఉపఖండంలో ఒక వృత్తిగా సాగింది. 1893-94లో బ్రిటిష్ ప్రభుత్వం వేసిన ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ దీన్ని వివరంగా రాసింది. ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉన్న నౌగావ్ ప్రాంతంలో గంజాయి రైతులు పొద్దార్ అనే నిపుణుణ్ని పిలిపించేవాళ్లు. ఇంగ్లిషువాళ్లు అతన్ని గంజా డాక్టర్ అన్నారు. అతను చేనంతా తిరిగి, పూత విచ్చకముందే మగమొక్కల్ని గుర్తుపట్టి తీయించేవాడు. ఎందుకంటే పుప్పొడి పడితే ఆడమొక్క తన బలమంతా గింజకు పెడుతుంది, మత్తునిచ్చే బంక తగ్గుతుంది, సరుకు ధర పడిపోతుంది. గింజలేని పూత కోసం తంటాలన్నమాట. మత్తు కావాల్సినవాడికి గింజ శత్రువు. ఈ మాటలో అబద్ధం లేదు, నేనూ ఒప్పుకుంటాను. కానీ నౌగావ్ రైతు వచ్చే ఏడాదికి గింజ ఎక్కడో ఒకచోట దాచుకునేవాడు కదా. డాక్టర్‌ను పిలిచినవాడికి గింజల ప్యాకెట్టేం దొరకలేదు. మనకు దొరుకుతోంది, అందుకే మరిచిపోయాం.

రెండో ఏడు నేను మామూలు ఆటోఫ్లవర్ గింజలు కొన్నాను, అంటే ఆడో మగో తెలియనివి. వాటిని అమ్మేవాళ్లు తక్కువ, వెతకాల్సి వచ్చింది. మూడు వేశాను, ఈసారి కప్పుల జోలికి పోకుండా నేరుగా పెద్ద కుండీల్లోనే. రెండు పోతులు, ఒక పెంటి. చట్టం ఆడా మగా చూడదు, మూడంటే మూడే. ఒక పోతును పీకేశాను, ఆ పాపం నాదే. రెండోదాన్ని బాత్రూమ్ కిటికీ దగ్గరికి మార్చాను.

మగపూత విచ్చడం నేను అంతకుముందు చూడలేదు. మునగపువ్వు కంటే చిన్నవి, ఆకుపచ్చ పసుపు కలిసిన ఐదు రేకులు కిందికి విచ్చుకుని, లోపల ఐదు సన్నని దారాలకు ఐదు తిత్తులు వేలాడుతుంటాయి. గాలే పుప్పొడిని మోసే మొక్క కదా, తేనె లేదు, సువాసన లేదు, ఏ ఈగనూ పిలవదు. పొద్దున పళ్లు తోముకుంటూ కుండీకి మోచేయి తగిలించాను. పసుపుపచ్చ పొగ లేచి వాష్‌బేసిన్ మీద పడింది. వేలితో గీస్తే గీత పడింది. ఆ రోజు ఆఫీసు మీటింగ్‌లో చొక్కా చేతి మీద కూడా ఆ దుమ్ము ఉంది.

సన్నటి బ్రష్ కొన్నానని అమ్మకు చూపించాను. "బ్రష్షెందుకురా, వేలు లేదా?" అంది. కాల్ పెట్టుకునే చేశాను. మగపువ్వులు కాగితం మీద దులిపి, వేలికొసతో అద్ది, ఆడమొక్కకు కింద ఉన్న ఒకే ఒక్క కొమ్మకు రాశాను. "అట్ల ఒత్తకు. తగిలీ తగలనట్టు." దాదాపు ఏడు వేల కిలోమీటర్ల అవతల నుంచి ఆమె సొంత బొటనవేలు ఫోన్ ముందు ఆడిస్తోంది. ఎర్రదారం కట్టు, గుర్తు ఉండదు, అని రెండుసార్లు చెప్పింది. ఇంట్లో ఎర్రదారం లేదు, పాత రాఖీ దొరికింది, అది కట్టాను. మిగతా కొమ్మల మీద నీళ్లు పిచికారీ చేశాను, తడి తగిలితే పుప్పొడి చచ్చిపోతుందని.

రెండో రోజుకు ఆ కొమ్మ మీది తెల్ల వెంట్రుకలు ఎండి గోధుమరంగుకు తిరిగాయి. మిగతా కొమ్మలవి తెల్లగానే ఉన్నాయి. అప్పుడు కలిగిన సంతోషం నాకు ఆఫీసులో ఏ రిలీజ్ రోజూ కలగలేదు. తర్వాత వారం వారం ఆ వెంట్రుకల కింద ఉన్న చిన్న తొడుగులు ఉబ్బాయి. ఐదో వారానికి తొడుగు చీలి లోపలి గింజ కనబడింది, బూడిదరంగు మీద ముదురు చారలతో, ఆముదం గింజను ధనియం అంత చేసినట్టు. రెండు వేళ్ల మధ్య ఒత్తితే నలగలేదు. నలగకపోతే పండినట్టే. రాఖీ కట్టిన కొమ్మకు 43 గింజలు.

రాఖీ కట్టని కొమ్మల్లో 11.

ఈ పదకొండు గురించి చెప్పకుండా తప్పించుకుందామనుకున్నాను గానీ అమ్మ ఊరుకోలేదు. "ఎన్ని?" అని అడిగి, విని, నోటి నిండా నవ్వి, "నీ లాటు ఫెయిల్ పో" అంది. జీఓటీ మాట మా ఇంట్లో నవ్వుతూ ఎవరైనా అనడం అదే మొదటిసారి.

ఇంతకీ ఎదుటివాళ్ల వాదన ఏమిటో కూడా చెప్పాలి. అందులో బలముంది. ఇక్కడ నాతో పాటు మొక్కలు పెంచే సహోద్యోగి ఒకడున్నాడు, జర్మనే. వాడనేది, మూడు మొక్కల హక్కులో ఒకటి మగదానికిస్తే మూడో వంతు పంట పోయినట్టు, పైగా మూడింటితో రకాన్ని నిలబెట్టడం కల్ల. నిజమే. గాలికి పరాగ సంపర్కం జరిగే మొక్కను ఒక తల్లి, ఒక తండ్రితో తరాల తరబడి నడిపితే మేనరికాల ఇల్లు అవుతుంది. రెండు మూడు తరాల్లో నీరసం బయటపడుతుంది. విత్తనం నిలబెట్టాలంటే పదుల్లో, కుదిరితే వందల్లో మొక్కలుండాలి. నాయనమ్మ బీరగింజ నిలబడింది ఆమె ఒక్కతే దాచడం వల్ల కాదు, వాడలో పది ఇళ్లలో పది సొరబుర్రలు ఉండటం వల్ల, పెళ్లికో పండక్కో గుప్పెళ్లు మారడం వల్ల.

కాబట్టి నా జవాబు గింజ మానెయ్యడం కాదు, ఎక్కువమంది చెయ్యాలి అనేది. ఇక్కడి చట్టంలో దీనికి కొంత చోటుంది. 2024 జూలై నుంచి పెంపకందారుల సంఘాలకు అనుమతి ఇస్తున్నారు. అవి ఒక మనిషికి నెలకు ఏడు గింజల దాకా ఇవ్వొచ్చు. ఆ గింజలు ఏ కంపెనీవో కొని పంచే బదులు, సంఘమే నాలుగు పోతుల్ని కాపాడి సొంతంగా చేస్తే? ఈ మాట అన్నప్పుడల్లా నన్ను పాత బట్టల వ్యాపారిని చూసినట్టు చూస్తారు. అందరికీ కావలసింది ప్యాకెట్ మీద రాసిన మత్తు శాతాలు.

గింజ ఒకే తీరుగా రాదు అన్నది ఇంకో ఆక్షేపణ. అది నాకు ఆక్షేపణలా వినబడదు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ఒకటి ఐదు రోజులు ముందు. అన్నీ ఒకేలా రావాలన్నది అమ్ముకునేవాడి అవసరం. ఇంట్లో కుండీలో పెంచుకునేవాడికి ఆ తేడాలే కదా ఎంచుకోవడానికి సరుకు. ఎంచుకోవడం లేకపోతే పెంచడమెందుకు, కొనుక్కుంటే పోదా. ఒక్క జాగ్రత్త మాత్రం ఉంది. పోతును బాల్కనీలో పెట్టకండి. పుప్పొడికి గోడలు తెలియవు. పక్కవాడి మూడు మొక్కలకు గింజ కట్టించి వాడితో తిట్లు తినడం నా వాదనలో భాగం కాదు. ఆటోఫ్లవర్ పుప్పొడి మామూలు రకం మీద పడితే ఇంకో చిక్కు, వయసు చూసి పూసే గుణం అణిగి ఉండే గుణం. మొదటి తరంలో కనబడదు, రెండో తరంలో నాలుగింట ఒకదానిలో బయటపడుతుంది. తాత పోలిక మనవడికి వచ్చినట్టు.

మన వైపు సంగతి తలుచుకుంటే ఇవన్నీ షోకు మాటల్లా కూడా అనిపిస్తాయి. విశాఖ మన్యంలో శీలావతి అనే రకం పేరు వార్తల్లో వినే ఉంటారు. ఆంధ్ర పోలీసులు 2021లో ఆపరేషన్ పరివర్తన అని మొదలుపెట్టి వేల ఎకరాల తోటలు నరికించారు. నేను తాళం వేసిన గదిలో పోతుమొక్కకు జోల పాడుతుంటే అక్కడ సంచి మోసిన కుర్రాడు జైల్లో ఉంటాడు, పెట్టుబడి పెట్టినవాడు మాత్రం బయట తిరుగుతుంటాడు. ఒకే మొక్క, రెండు దేశాలు. ఆ అన్యాయాన్ని ఈ వ్యాసంలో తేల్చే శక్తి నాకు లేదు. దాని ఊసెత్తకుండా దాటెయ్యడం మాత్రం తప్పనిపించింది. మన చట్టంలోనే ఒక తమాషా ఉంది, గంజాయి అన్న నిర్వచనంలోంచి పూతతో కలవని గింజను బయటపెట్టారు. 2021లో ఆహార భద్రతా సంస్థ హెంప్ గింజను తిండి పదార్థంగా ఒప్పుకుంది కూడా. తినొచ్చు, మొలకెత్తిస్తే మాత్రం నేరం.

గింజలు ఎండాక చిన్న గాజుసీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టాను. బూడిద వెయ్యమంది అమ్మ. ఈ ఊళ్లో కట్టెపొయ్యి ఎక్కడిది, బియ్యపు గింజలు నాలుగు వేసి సరిపెట్టాను, తేమ లాగుతాయని. నెలన్నర ఆగి, మొలక చూద్దామని మూడు గింజలు తడిగుడ్డలో చుట్టి, వంటింట్లో హీటర్ పైన పెట్టి, అమ్మకు ఫోన్ చేశాను.

"ఎన్ని వెట్టినవ్?"

"మూడు."

"మూడిట్ల పరీక్షేంది రా? వంద వెడితే శాతం తెలుస్తది. తక్కువల తక్కువ పదన్న వెట్టాలె."

"ఇక్కడ మూడే పెంచాలమ్మా. పది మొలిస్తే ఏడింటిని ఏం చెయ్యను?"

అమ్మ ఆలోచించింది. సీడు పత్తిలో ఆమెకు ఈ చిక్కు ఎప్పుడూ రాలేదు, మొలిచినవన్నీ వేరేవాళ్ల లెక్కే. మూడో రోజు పొద్దున గుడ్డ విప్పి కెమెరా దగ్గరగా పెట్టాను. రెండింటికి తెల్లటి తోక వచ్చింది. మూడోది అలాగే ఉంది.

"ఉండనీ" అంది అమ్మ, "దాన్ని ఇంకో రెండు దినాలు సూడు. పీకకు."